పెంకు అందించు

మామయ్య పోయాక ఇవే మొదటి వానలు. ఈసారి ఇంటిపైకి ఎవరూ ఎక్కలేదు.

ఆయనుండగా ఏటా ఎక్కి, ఆ నలభై ఏళ్ల పెంకుల్ని ఒక్కొక్కటే వేలి కణుపుతో కొట్టి చూసేవారు. గట్టిది ఖంగుమనేది, బీటలిచ్చింది డొల్లగా పలికేది. "దీని పనైపోయింది, పక్కకి జరుగమ్మాయ్!" అని అరిచి, దాన్ని ఊడదీసి, ఆ సందులోంచి చెయ్యి కిందికి చాపేవారు. నేను బల్లెక్కి కొత్త పెంకు అందించాలి. కాస్త ఆలస్యమైతే వేళ్లు ఆడిస్తూ, "ఇప్పుడు కాల్చి తెస్తున్నావా ఏంటి?" అనేవారు.

ఆ రాత్రి మా ఆయన ఊళ్లో లేడు. దూరంగా ఉరుముతోంది. చూరు దగ్గర ఏదో ఖంగుమంది. కాసేపాగి, ఇంకాస్త పైన ఖంగుమంది. పిల్లులు అలా వరస తప్పకుండా కొట్టవు. చప్పుడు గది మీదుగా నడిచొచ్చి, సరిగ్గా పాపాయి ఉయ్యాల పైన డొల్లగా పలికి ఆగిపోయింది.

ఉయ్యాల పక్కకి లాగేశాను.

పైన పెంకు కదిలింది. ఆ సందులోంచి చెయ్యి దిగింది. కాసేపాగి, వేళ్లు ఆడించింది.

"వస్తున్నా మామయ్యా, కాల్చట్లేదులెండి," అంటూ మంచి పెంకు ఏరుకుని బల్లెక్కాను.