పదిహేడో వరుస

"అమ్మా, ఒక్క సందేహం."

ఆ మాట వినగానే సూపర్‌వైజరమ్మకి తల ప్రాణం తోకకొచ్చింది.

మూడు నెలలకోసారి తప్పకుండా ఆ పెద్దాయన వస్తాడు. చేత్తో నింపిన ఫారం తెస్తాడు. ఆఫీసులో అందరూ ఆయన్ని సందేహాల మాస్టారంటారు. నిజానికి ఆయన పాఠాలు చెప్పే మాస్టారేం కాదు. మిషన్లతో పాటు ఇచ్చే వాడకం పుస్తకాల్ని విదేశీ కంపెనీలకి అనువాదం చేసిపెట్టే మనిషి.

ఇక్కడివాళ్లు విదేశాలకి ఏయే సేవలు ఎంత అమ్ముతున్నారో లెక్క తీయడం ఆ ఆఫీసు పని. ఓడ ఎక్కే సరుకైతే రేవులోనే తూచుకోవచ్చు. సేవని ఎవరు తూస్తారు? చేసినవాళ్లే నోరు విప్పి చెప్పాలి. చెప్పండి మహాప్రభో అని ఫారాలు పంపుతారు.

"ఏంటండీ సందేహం?"

"ఈసారి నాకు పని చెప్పింది విదేశం వాళ్లు. డబ్బిచ్చింది మాత్రం ఈ ఊళ్లో ఉన్న వాళ్ల బ్రాంచి. ఇది విదేశానికి అమ్మినట్టా, ఇక్కడ అమ్మినట్టా?"

"ఏదో ఒకటి రాసెయ్యండి సార్."

"ఏదో ఒకటి ఎలా రాస్తానమ్మా? ఇంకోటి కూడా ఉంది. పోయినసారి ఒకే పుస్తకాన్ని పొరపాటున రెండుసార్లు రాసేశాను. అప్పట్నుంచీ మనసు పీకుతోంది. కాస్త దిద్దించండి."

కౌంటర్లో అమ్మాయి ఫైలు అడ్డం పెట్టుకుని నవ్వింది.

సూపర్‌వైజరమ్మకి నవ్వు రాలేదు. వచ్చే విడత లెక్కల నాణ్యత చూసి మార్కులు వేయడానికి బయటి నుంచి తనిఖీవాళ్లు వస్తున్నారు. మార్కులు తగ్గితే ఈ సెక్షన్ ఎత్తేస్తారు. కాంట్రాక్టు మీద పనిచేస్తున్న ఆరుగురు అమ్మాయిలు ఇంటికే. ఆ ఆరుగుర్నీ ఏరికోరి తీసుకున్నది తనే. కాగితం ఫారం కనబడితే మార్కు కోస్తామని ఈసారి కొత్తగా వచ్చిన తనిఖీ నిబంధనల్లో స్పష్టంగా ఉంది. ఆఫీసు మొత్తానికి కాగితం మీద వచ్చేది ఈయనొక్కడి ఫారమే.

"ఆన్‌లైన్లో పంపలేరా సార్?"

"ఒకసారి ప్రయత్నించానమ్మా. సందేహం రాయడానికి అందులో చోటే లేదు."

"అయితే ఇకనుంచి మీరు రానక్కర్లేదు. చిన్నవాళ్ల లెక్కలు తీసేస్తున్నాం."

పెద్దాయన ముఖం చిన్నబోయింది.

"నావల్ల తప్పేమైనా జరిగిందా?"

"అబ్బే, అదేం లేదు. మీది మరీ చిన్న లెక్క. ఉన్నా లేకపోయినా తేడా రాదు."

"అలాగేనమ్మా."

అన్నాడే గానీ కదల్లేదు. రెండుసార్లు పడ్డ ఆ పుస్తకాన్ని కౌంటర్లో అమ్మాయి ఒకసారికి దిద్దేదాకా అక్కడే నిలబడి, అప్పుడు వెళ్లాడు.

జాబితాలో ఆయన పేరు కొట్టేస్తుంటే సూపర్‌వైజరమ్మకి మనసు చివుక్కుమంది. ఆరుగురు అమ్మాయిల్ని తలుచుకుని సరిపెట్టుకుంది.

నాలుగు నెలలు గడిచాయి.

తెల్లవారితే తనిఖీ. కంప్యూటర్ పట్టిక తయారుచేసింది. పదహారో వరుస బాగుంది. పద్దెనిమిదో వరుస బాగుంది. పదిహేడో వరుస, అనువాద సేవలు: సున్నా.

సూపర్‌వైజరమ్మ మళ్లీ చూసింది. సున్నాయే. పోయిన తనిఖీలో వాళ్లు తెగ మెచ్చుకున్నది ఆ వరుసనే. ఏళ్ల తరబడి ఒక్క విడత కూడా తప్పలేదు, మిగతావాళ్లు దీన్ని చూసి నేర్చుకోవాలి అని రాసి మరీ వెళ్లారు.

"మిషన్ చెడిందేమో చూడు బాబూ," అంది కంప్యూటర్లు చూసే అతనితో.

అతను పాత ఫైళ్లు తెరిచాడు. ఈలోగా తనూ, ఆరుగురు అమ్మాయిలూ ఫోన్లు అందుకున్నారు. ఆ వరుసలో రెండొందల ఎనభై నాలుగు కంపెనీలున్నాయి.

"మెయిల్ పెట్టండి, చూస్తాం," అన్నారొకరు.

"అకౌంటెంటు సెలవులో ఉన్నాడు," అన్నారు ఇంకొకరు.

సాయంత్రానికి చెవులు వేడెక్కాయి. ఒక్క ఫారమూ రాలేదు. అడగ్గానే కాదనకుండా ఇచ్చేది ఎవరా అని ఆలోచిస్తే ఆ పెద్దాయనే గుర్తొచ్చాడు. కోస్తే కోశారు ఒక మార్కు, అనుకుని ఆయన నంబరు కలిపింది.

ఫోను ఆయన కూతురు ఎత్తింది.

"నాన్న లేరండీ. పోయి ఇరవై రోజులైంది."

సూపర్‌వైజరమ్మ ఎలాగో ఆఫీసు పేరు చెప్పింది.

"మీరా! పోయిన నెల ఫారం ఇచ్చే రోజున పొద్దున్నే చొక్కా తొడుక్కుని కూర్చున్నారు. ఇక రావొద్దన్నారుగా నాన్నా అని గుర్తుచేస్తే, అవును కదూ అని విప్పేశారు. మీ మీద కోపమేం లేదండీ. చిన్న లెక్కేలే, వాళ్లకెందుకు శ్రమ అన్నారు."

ఫోను పెట్టేసి సూపర్‌వైజరమ్మ ఏడ్చింది. క్షమించమందామన్నా మనిషి లేడు. పొద్దున పదింటికల్లా తనిఖీవాళ్లు వచ్చి కూర్చుంటారు. ఆరుగురు అమ్మాయిలూ తన ముఖం వంకే చూస్తున్నారు.

కంప్యూటరతను వచ్చి కుర్చీ లాక్కున్నాడు.

"మిషన్ తప్పేం లేదు మేడమ్. ఫారం ఇవ్వనివాళ్ల గడిని అది ఖాళీగా వదలదు. అదే వరుసలో ఇచ్చినవాళ్లది పెరిగితే వీళ్లదీ పెంచుతుంది, తగ్గితే తగ్గిస్తుంది. ఈసారి చూసి నింపుకోవడానికి ఒక్కరూ లేరు. అందుకే సున్నా పెట్టింది."

"పోయినసారి ఎంతమంది ఇచ్చారు?"

"ఒక్కరు."

"అంతకుముందు?"

అతను ఆమె కళ్లలోకి చూడలేదు.

"ఎనిమిదేళ్లు వెనక్కెళ్లి వెతికాను. ఈ ఎనిమిదేళ్లలో కంపెనీల్లో ఏ ఒక్కటీ ఒక్కసారి కూడా ఫారం పంపలేదు. అనువాదాల లెక్కంటూ మన దేశం ఇన్నాళ్లూ లోకానికి చెప్పిందంతా ఆ సందేహాల మాస్టారు ఒక్కరిదే మేడమ్."