దుప్పటి కప్పిన కారు

మా కొండ ఊరికి సిగ్నల్ అందదు కాబట్టి డ్రైవర్ లేని బండ్లు రావు. కాన్పులకు మా ఓబుళమ్మత్త పాత కారే దిక్కు. వదినకు ఎనిమిదో నెలలో దాని ఇంజను చెడిపోయింది. బాగుచేసే మనిషి కర్నూలులో ఉన్నాడు. కారును హైవేదాకా తోసుకొచ్చి లాగుడుబండిని పిలిచాం. దానికీ డ్రైవర్ లేడు. వస్తూనే కారు ముందు చక్రాలు ఎత్తబోయింది.

“ఆగబ్బా!” అంది అత్త. “దీన్ని నడిపేది ఎనక చక్రాలు. అవి నేలమీద తిరుగుతా పోతే కర్నూలు చేరేలోపు గేరుబాక్సు కాలిపోతాది. ఇంకోటి యాడా దొరకదు.”

వెనక చక్రాలు ఎత్తించి, స్టీరింగు తిరగకుండా తువ్వాలుతో కట్టింది.

లాగుడుబండిలో కాస్త దూరం పోగానే మా వెనక వచ్చే డ్రైవర్ లేని బండ్లన్నీ ఆగిపోయాయి. కారు ముఖం తమవైపు ఉండేసరికి, ఎదురొస్తోందనుకున్నాయి.

“కారును తిప్పి కట్టాలి, లేదా ఇక్కడే దించాలి,” అంది లాగుడుబండి.

అత్త దిగి, తను కప్పుకున్న దుప్పటి తీసి కారు ముఖానికి కప్పి తాడు బిగించింది. వెనక బండ్లు మెల్లగా కదిలాయి.

“ఇప్పుడు కారు కనబడటం లేదు. సరుకు అని రాసుకుంటున్నాను,” అంది లాగుడుబండి.

“గడ్డిమోపని రాసుకో నాయనా, ముందు పద,” అంది అత్త. “కడుపులో బిడ్డ మనకోసం ఆగుతాదా?”