చెవి మేస్త్రి

కోడలు కుళాయి దగ్గర కూర్చుని నూనె గుడ్డలు ఉతుకుతోంది. వరండాలో పీట మీద కూర్చున్న మామగారు పాత మోటారు సైకిలు మీది నుంచి చూపు తిప్పకుండానే అడిగాడు.

"రెండో ముక్క దొరికిందా?"

"లేదు మామయ్యా."

"దొరకదు. వెతికేవాళ్లుంటే కదా దొరికేది."

పోయింది నీలం గళ్ల తువ్వాలులో సగం. మూడు వారాల కిందట బండి పని మొదలుపెట్టిన రోజు, ఆయన గుడ్డలు కావాలంటే కోడలే ఆ తువ్వాలు చింపి రెండు ముక్కలు చేసి ఇచ్చింది. ఉతుక్కి ఒకటే తిరిగొచ్చింది. అప్పట్నుంచి గేటు పక్క తీగ మీద ఆ ఒంటి ముక్కే ఆరుతోంది.

ఆయనకది బాగా కలిసొచ్చింది. ఎందుకంటే కోడలికి ఉద్యోగం వచ్చింది. బస్సు డిపోలో, విడిభాగాల స్టోర్‌లో. సోమవారం ఉదయం తొమ్మిదికల్లా చేరకపోతే ఆ పని ఇంకొకరికి పోతుంది. కొడుకు "నాన్న సరేనంటే నాదేముంది" అని తప్పుకున్నాడు. వాడికి పెళ్లాన్ని కాదనే ధైర్యమే ఉంటే ఈయనకింత శ్రమ ఉండేది కాదు.

"ఇంట్లో గుడ్డముక్కకి దిక్కు లేదు. డిపోలో నట్లూ బోల్టులూ కాపలా కాస్తుందట" అని వచ్చినవాళ్లందరికీ చెప్పి నవ్వించేవాడు.

ఆయన ముప్పై ఏళ్లు వర్క్‌షాపులో పనిచేసినవాడు. వీధిలో చెవి మేస్త్రి అంటే తెలియనివాళ్లు లేరు. కార్బొరేటర్‌ని కంటితో కాదు, చెవితో చూడాలంటాడు. చేతిలో పేపరు అలుక్కుపోయినట్టు కనపడుతున్నా కళ్లద్దాలు మాత్రం పెట్టె దాటి బయటికి రావు. అద్దాలు పెట్టుకుని స్క్రూ తిప్పేవాడు మెకానిక్కు కాదు, గుమాస్తా అని ఆయన తీర్మానం.

బండికి రెండు సిలిండర్లు, పెట్రోలూ గాలీ కలిపి పంపడానికి దేని కార్బొరేటర్ దానికి. మొదటి రోజు ఎదురింటి మాస్టారినీ పక్కింటి దర్జీనీ కూర్చోబెట్టుకుని రెండూ ఊడదీశాడు. విప్పగానే ఇంజన్ నోరు తెరుచుకుంటుందనీ, దుమ్ము పడకుండా గుడ్డతో మూయాలనీ, ఈ కాలపు మెకానిక్కులకు ఆ మాత్రం బుద్ధి కూడా లేదనీ చెప్పాడు. వాటిలోని సన్న రంధ్రాల జెట్లను పెట్రోల్లో కడిగి నోటితో ఊదాడు. వంపు తిరిగిన గొట్టాల చివర కార్బొరేటర్లను తిరిగి బిగిస్తూ, ఒకప్పుడు పెద్ద ఆఫీసరు కారు రోగాన్ని రోడ్డవతల నుంచే ఎలా కనిపెట్టాడో చెప్పాడు. మాటా ఆగలేదు, చెయ్యీ ఆగలేదు.

కిక్కు కొట్టాడు. కుడి పక్క పలికింది. ఎడమ పక్క పలకలేదు.

అంతే. మూడు వారాలుగా అదే తంతు. జెట్టు మార్చాడు. ప్లగ్గు మార్చాడు. ఎడమది కుడికీ, కుడిది ఎడమకీ వేశాడు. కుడి సైలెన్సర్ ముట్టుకుంటే చెయ్యి కాలుతుంది, ఎడమది కడిగి బోర్లించిన చెంబులా చల్లగా ఉంటుంది. తప్పు పెట్రోలుదన్నాడు. తరువాత జెట్లు చేసినవాడిదన్నాడు. చివరికి కోడలు గుడ్డలకు సబ్బు సరిగా వదిలించడం లేదనీ, ఆ సబ్బే జెట్లలో దూరుతోందనీ తేల్చాడు. మాస్టారు తలాడించారు. ఆయనకు బండి లేదు.

శనివారం కోడలు టీ గ్లాసులు అందిస్తూ, ఎల్లుండి డిపోకి వెళ్లాలని గుర్తు చేసింది.

"వెళ్లు. ఎవరు పట్టుకున్నారు?" అన్నాడు మామగారు మిగతా ఇద్దరినీ చూస్తూ. "బండి రెండు పక్కలా పలికిన రోజు వెళ్లు. అంతదాకా ఈ గుడ్డలు మాస్టారు ఉతుకుతారా?"

దర్జీ టీ పొలమారేలా నవ్వాడు.

"రెండు ముక్కలూ మీ చేతికే ఇచ్చాను మామయ్యా" అంది కోడలు.

"ఇవ్వడం గొప్పా అమ్మాయ్? ఇచ్చింది ఎక్కడికి పోయిందో తెలియాలి. స్టోర్‌లో పనంటే అదీ."

కోడలు కాసేపు బండి వైపు చూసింది. "అవును మామయ్యా" అని ఖాళీ గ్లాసులు తీసుకుని లోపలికి వెళ్లింది. ఎదురు చెప్పడానికి సరుకు లేనివాళ్లు అలాగే లోపలికి పోతారని ఆయన మాస్టారికి వివరించాడు.

సోమవారం పొద్దున్నే ఆయన పీట వేసుకునేసరికి పానా పెట్టిన చోట లేదు. శుభ్రంగా తుడిచి పెట్టెలో ఉంది. ఊడ్చేటప్పుడు కదిపి ఉంటుంది, మగవాళ్ల సామాను ముట్టుకోవద్దని ఎన్నిసార్లు చెప్పినా అంతే అని గొణుక్కున్నాడు. మాస్టారూ దర్జీ వచ్చి కూర్చున్నాక, ఎడమ స్క్రూని పావు చుట్టు తిప్పి, కళ్లు మూసుకుని కిక్కు కొట్టాడు.

రెండు పక్కలా పలికింది. రెండు సైలెన్సర్లూ ఒకే గొంతుతో, కుదురుగా, ఎక్కడా తొట్రుపడకుండా.

"పావు చుట్టు" అన్నాడు వేలెత్తి. "మూడు వారాలు ఆ పావు చుట్టు కోసమే విన్నాను. అద్దాల మెకానిక్కులకు దొరుకుతుందా ఇది?"

మాస్టారు చప్పట్లు కొట్టారు. ఇది చూడాల్సిన మనిషి ఇంకొకరున్నారని మామగారికి గుర్తొచ్చింది.

"అమ్మాయ్, విన్నావా?"

కోడలు అప్పటికే భుజాన సంచీ వేసుకుని చెప్పులు తొడుక్కుంటోంది. బండి పక్క నుంచే నడిచి, మెట్లు దిగి, గేటు తీసుకుని వెళ్లిపోయింది.

ఎంత పొగరో చూడమని దర్జీకి చూపించబోయిన ఆయనకు, దూరపు చూపులో ఏ లోపమూ లేదు గనుక, గేటు పక్క తీగ మీద ఒంటి నీలం గళ్ల ముక్క పక్కనే దాని రెండో సగం, ఎడమ గొట్టంలోని మసి ఇంకా వదలక నల్లగా, నీళ్లోడుతూ కనిపించింది.