బుగ్గ మీద మూడు గాట్లు

శనివారం పొద్దున కోబీనా అమిస్సా కుటుంబ సభకు ఒక గొర్రెను తోలుకొచ్చాడు. చంకలో రెండు జిన్ను సీసాలు కూడా ఉన్నాయి.

"పెళ్ళెవరికిరా?" అన్నారెవరో.

"పెళ్ళి కాదు, జరిమానా," అన్నాడు కోబీనా, గొర్రెను నీళ్ళ డ్రమ్ముకు కట్టేస్తూ. "తప్పు ఇంకా చెయ్యలేదు. ఇప్పుడు చేస్తా."

అందరూ సర్దుకుని కూర్చున్నారు. సముద్రపు ఒడ్డున ఉన్న ఆ అనోమాబో ఊళ్ళో ఏ కుటుంబంలోనైనా ఆ జరిమానా ఒక్క తప్పుకే. ఫలానావాడు బానిస సంతానం అని నలుగురిలో ఎత్తితే ఒక గొర్రె, రెండు సీసాలు. తప్పు చేసి కట్టినవాళ్ళున్నారు. ముందే కట్టి తప్పు చేయడానికి వచ్చినవాణ్ణి మాత్రం ఆ వాకిలి ఇదే చూడడం.

కుటుంబ పెద్ద పోయి నలభై రోజులైంది. ఆ రోజు కొత్త పెద్దను పీట మీద కూర్చోబెట్టాలి. ఎక్కువమంది ఎబో అర్హిన్ పేరు చెబుతున్నారు. ఎబో బడిలో లెక్కల మేష్టారు. ఎవరింట్లో చావు జరిగినా కుర్చీలు మోసేది అతనే. ఎవరు పోట్లాడుకున్నా మధ్యలో వెళ్ళి రెండు వైపులా తిట్లు తినేదీ అతనే. కోబీనాకు రెండు మోటారు పడవలు, ఒక ఐసు కొట్టు ఉన్నాయి. పెద్దరికం ఒక్కటే లేదు.

కోబీనా జేబులోంచి ఒక పాత ఫోటో తీసి అందరికీ కనబడేలా పట్టుకున్నాడు. అందులో ఒకావిడ తలగుడ్డ చుట్టుకుని నవ్వుతోంది.

"మన మేష్టారి అమ్మమ్మకు తల్లి. ఈ బుగ్గ మీద మూడు గాట్లు, ఆ బుగ్గ మీద మూడు. సముద్రపు ఒడ్డున పుట్టినవాళ్ళకు గాట్లెక్కడివి? ఉత్తరాది మనిషి. సంతలో కొనుక్కొచ్చిన మనిషి. మనదా, తల్లి వరస; వంశం తల్లి నుంచే వస్తుంది. తల్లే బానిస అయితే... ఇంకా నేను చెప్పాలా?"

చెప్పనక్కర్లేదు. అది రుజువైతే ఎబోకు పీట పోవడమే కాదు, ఇక ఆ వాకిట్లో ఏ సభలోనూ నోరెత్తడానికి ఉండదు. అతని చెల్లెళ్ళకూ, వాళ్ళ పిల్లలకూ ఉండదు. ఎబో ఇస్త్రీ చేయించిన కొత్త బట్టను మోకాలి మీద అరచేత్తో మళ్ళీ మళ్ళీ సాపు చేసుకుంటున్నాడు.

"ఓడలవాళ్ళ ఎదురుగా కుర్చీ వేసుకుని బేరమాడిన రక్తం మాది," అన్నాడు కోబీనా. "అమ్మినవాళ్ళం మేం. అమ్ముడుపోయినవాళ్ళొచ్చి మా నెత్తిన కూర్చుంటామంటే ఎట్లా?"

తలలన్నీ అబా ఎస్సోన్ వైపు తిరిగాయి. ఆ అవ్వకు తొంభై ఒకటి. ఎవరు ఎవరి కడుపున పుట్టారో తెలిసింది ఇక ఆమె ఒక్కతికే. ప్రస్తుతం ఆమె అల్లం, కారం పట్టించి వేయించిన అరటిపండు ముక్కలు తింటోంది.

"అవ్వా, నువ్వు చెప్పు," అన్నాడు కోబీనా. "నోటితో వద్దులే, తలూపు చాలు. జరిమానా గొర్రె ఎట్లాగూ నాదే."

అవ్వ చివరి ముక్క తిని, వేళ్ళు తుడుచుకుని, ఫోటోను కంటికి ఆనించుకుంది.

"పళ్ళెంత బాగున్నాయో!"

"పళ్ళు కాదే, గాట్లు చూడు."

"చంటిదానికి ఫిట్స్ వస్తే గాట్లు పెట్టి మందు రాయరూ? నీకు లేదూ, కణత దగ్గర?"

కోబీనా చెయ్యి కణత మీదికి పోయింది. ఆడవాళ్ళు ఫక్కున నవ్వారు.

"నాది ఒక్కటేగా!"

"నీకు ఒక్కసారే వచ్చాయి."

"అయితే ప్రమాణం చెయ్యి," అన్నాడు కోబీనా, మొహం గంటు పెట్టుకుని.

అవ్వ అతని సీసాల్లోనే ఒకటి మూత తీయించింది. పోయిన పెద్దల పేరు తలుచుకుని నేల మీద నాలుగు చుక్కలు పోసింది. తన గ్లాసు నింపుకుంది.

"ఎబో ఈ ఇంటికి ఎంత సొంతమో, ఇక్కడున్న ప్రతివాళ్ళూ అంతే సొంతం. ఇందులో అబద్ధముంటే ఈ చుక్క నా గొంతు దిగకూడదు."

దిగింది. ఇంకో గుక్క కూడా దిగింది.

మధ్యాహ్నానికల్లా ఎబోను రెండుసార్లు పీటకు ఆనించి లేపి, మూడోసారి కూర్చోబెట్టేశారు. గొర్రె పులుసైంది. "నా గొర్రె" అంటూ కోబీనా మూడుసార్లు వడ్డించుకున్నాడు. కొత్త పెద్దకు అందరికంటే ముందు చేయి కలిపిందీ అతనే.

అందరూ వెళ్ళాక ఎబో అవ్వ పక్కన ముక్కాలిపీట లాక్కుని కూర్చున్నాడు.

"అవ్వా, ఫిట్స్ నిజమేనా?"

"ఇప్పుడు నువ్వు ఇంటికి పెద్దవి. నీకు చెప్పొచ్చు. నిజం కాదు. ఆమెను కొన్నారు. ఉత్తరాది సంతలో."

ఎబో చేతిలో, పెండలం దంచి చేసిన ఫుఫు ముద్ద ఆగిపోయింది.

"మరి పోయిన పెద్దల పేరున ప్రమాణం చేశావే! ముందు ఆ కోబీనాను పిలిచి పీట ఇచ్చేస్తాను."

"ఎందుకూ?" అంది అవ్వ, ఎముకలోని మూలుగ పీలుస్తూ. "మన మూలపురుషుడు ఓడవాడి దగ్గర తుపాకులు తీసుకుని, బదులుగా మనుషుల్ని పట్టి తెచ్చేదాకా తన అక్కచెల్లెళ్ళ పిల్లల్ని, ఒక్కరూ మిగలకుండా, ఓడలో తాకట్టు ఉంచాడు. ఆయన తిరిగొచ్చేసరికి ఓడ లేదు. ఈ ఇంటి రక్తం ఆ రోజే సముద్రం దాటిపోయిందిరా నాయనా, ఆ తర్వాత ఖాళీ ఇల్లు చూడలేక ఆయన సంతలో కొనుక్కొచ్చుకున్న ముగ్గురాడపిల్లల సంతానమే నేనూ, కోబీనా, ఈ వాకిలంతా, మీ ముత్తవ్వ మాకంటే కాస్త ఆలస్యంగా వచ్చింది, అంతే."