పిలిస్తే లేవని పిల్ల

గంట గణగణ మోగింది. నిప్పు, నిప్పు అని అరుచుకుంటూ పిల్లలంతా బయటికి పరుగెత్తారు. నిప్పు లేదు, పొగా లేదు. మున్సిపల్ కౌన్సిల్ తరఫున పిల్లల కమిటీ పెద్దాయన ఈ అనాథ పిల్లల ఇంటికి తనిఖీకి వస్తే ఇలాగే ఉత్తుత్తి గంట కొట్టించి చూస్తాడు. పిల్లలు ప్రహరీ గోడ పక్కన వరసగా నిలబడ్డారు. ఒక్క పిల్ల మాత్రం వరండాలో బెంచీ మీదే కూర్చుని ఉంది.

"లేవవే! చెవుడా నీకు?" వార్డెనమ్మ కేకేసింది.

పిల్ల లేవలేదు. బెంచీ అంచుని రెండు చేతులా గట్టిగా పట్టుకుంది.

"గుండ్రాయీ, కాలిపోతావే!" గోడ దగ్గర్నుంచి ఎవరో అరిచారు.

"రాయి ఎక్కడన్నా కాలుతుందట్రా?" అన్నాడు ఇంకొకడు. అందరూ నవ్వారు.

పెద్దాయన నవ్వలేదు. "ఏంటమ్మా ఇది?"

"ఏం చెప్పమంటారు సార్! తనంతట తను లేస్తే లేస్తుంది. అందరికంటే ముందు బడికి తయారవుతుంది. ఆ బెంచీ మీద కూర్చున్నప్పుడు ఎవరైనా రమ్మని పిలిచారో, ఇక బెల్లం కొట్టిన రాయే. బుజ్జగించాను, బెదిరించాను. ఒకసారి చెయ్యి కూడా చేసుకున్నాను, దాచడమెందుకు."

"పిల్లల మీద చెయ్యెత్తకూడదని తెలీదా?"

"తెలుసు సార్." ఆమె తల దించుకుంది. "ఆ పూట నాకు ముద్ద దిగలేదు."

"డాక్టరుకి చూపించారా?"

"చూపించాను. చెవులు బాగున్నాయన్నాడు, బుర్ర బాగుందన్నాడు. ఆ మొండితనం ఎక్కడుందో మాత్రం ఆయనకీ దొరకలేదు."

పెద్దాయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. గంట మోగితే బయటికి రాని పిల్లని ఇక్కడ ఉంచకూడదు. అలాంటివాళ్ళకి వేరే ఊళ్ళో ఇంకో హాస్టలు ఉంది. పట్టుబట్టి ఆ రూలు పెట్టించింది ఆయనే.

"రేపు నిజంగానే అంటుకుంటే ఈ పిల్ల ఉసురు ఎవరికి తగులుతుంది? పంపెయ్యడమే మంచిదమ్మా."

వార్డెనమ్మ గొంతు తగ్గింది. "మొండిదైనా నా చేతుల్లో పెరిగిన పిల్ల సార్. ఒక్కసారి మీరు మాట్లాడి చూడండి. రోడ్డు మీద దిక్కులేని పిల్ల కనపడితే చూస్తూ పోయే మనిషి కారు మీరు. ఇక్కడ సగం మంది మీ కారులో వచ్చినవాళ్ళేనట. మీ మాటకి కరుగుతుందేమో."

ఆ మాట ఆయనకి బాగానే అనిపించింది. వెళ్ళి బెంచీకి ఆ చివర కూర్చున్నాడు. జేబులోంచి పిప్పరమెంటు బిళ్ళ తీసి చాపాడు. పిల్లల కోసం ఆయన జేబులో అవి ఎప్పుడూ ఉంటాయి. పిల్ల బిళ్ళని చూసింది, ఆయన మొహం చూసింది. చేతులు తొడల కింద దాచుకుంది.

"భయం లేదు తల్లీ. ఎందుకు లేవవు?"

"ఇంక లేవను."

"లేవకపోతే నిన్ను దూరంగా వేరే ఊరు పంపేస్తారు. తెలుసా?"

పిల్ల ఉలిక్కిపడింది. "వద్దు తాతా. అంత దూరమైతే అమ్మకి దొరకను."

"అమ్మా? ఎక్కడుంది మీ అమ్మ?"

"తమ్ముడికి జ్వరం. ఆస్పత్రి లోపలికి ఎత్తుకెళ్ళింది. నన్ను గేటు దగ్గర బెంచీ మీద కూర్చోబెట్టింది. నేనొచ్చేదాకా ఇక్కణ్ణించి కదలకు, ఎవరు పిలిచినా లేవకు అంది."

వార్డెనమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "ఇన్నేళ్ళబట్టీ నాతో ఒక్క ముక్క చెప్పలేదేమే?"

"లే లే అన్నావు గానీ, ఎందుకని నువ్వు అడగలేదమ్మా."

పెద్దాయనకి సంగతి అర్థమైనట్టే అనిపించింది. పసిపిల్లని బెంచీ మీద కూర్చోబెట్టి తల్లి జారుకుందన్నమాట. దానికి కాళ్ళెలా వచ్చాయో! తల్లి వదిలేసినా తల్లి మాట వదల్లేదు ఈ పిచ్చిపిల్ల.

"వార్డెనమ్మా, ఈ పిల్ల ఎక్కడికీ వెళ్ళదు. ఇక్కడే ఉంటుంది. గంట మోగితే ఎవరో ఒకరు ఎత్తుకుని బయటికి రండి. కమిటీకి నేను చెప్పుకుంటాను."

"చల్లని మాట అన్నారు సార్," అంటూ ఆమె కళ్ళు తుడుచుకుంది.

ఆయన పిల్ల తల మీద చెయ్యి వేశాడు. "నీ తప్పేం లేదురా తల్లీ. నువ్వు అమ్మ చెప్పిన మాట విన్నావు. మాట తప్పింది మీ అమ్మ. వస్తానని రాలేదు."

పిల్ల తల అడ్డంగా ఊపింది.

"అమ్మ వచ్చే ఉంటుంది తాతా. నేనే అక్కడ లేను."

"అదేంటి? కదలకుండా కూర్చోమంది అన్నావుగా?"

పిల్ల ఆయన చేతిలో బిళ్ళ వైపు చూసింది.

"కూర్చునే ఉన్నాను. నువ్వొచ్చి ఈ బిళ్ళే ఇచ్చి, అమ్మ దగ్గరికి తీసుకెళ్తాను కారెక్కమంటే, ఆ ఒక్కసారే కదా లేచాను."