ఎఫ్ టూ నొక్కండి, అత్తయ్యా

"ఎఫ్ టూ నొక్కుతూనే ఉండండి అత్తయ్యా, ఆపకండి."

"నొక్కుతున్నానే తల్లీ, వేలు అరిగిపోతోంది."

వంటింట్లో సింకు కింద పడుకుని పైపు బిగిస్తున్న ప్లంబరు తల తిప్పి హాల్లోకి చూశాడు. పెద్దావిడ బల్ల మీదున్న లాప్‌టాప్ మీదకి వంగిపోయి ఉంది. కళ్లజోడు ముక్కు చివరికి జారింది. కోడలేమో సోఫాలో వెనక్కి వాలి, ఫ్యాన్ వైపు మొహం పెట్టుకుని, కాలు ఆడిస్తూ ఆర్డర్లు వేస్తోంది.

అతనికి ఒళ్లు మండింది. తను వచ్చి అరగంటయింది. అప్పట్నుంచీ ఇదే తంతు.

సంగతేమిటో వాళ్ల మాటల్లోనే తెలిసిపోయింది. పదకొండింటికి కోడలికి ఆన్‌లైన్ పరీక్ష. పాసైతే ఉద్యోగం. ఆరు నెలలుగా ఎదురుచూస్తున్న ఉద్యోగం. పదకొండు దాటితే లాగిన్ మూసేస్తారు, మళ్లీ తీయరు. ఇంట్లో ఉన్నది ఒకే ఒక్క సెకండ్‌హ్యాండ్ లాప్‌టాప్. రాత్రి ఛార్జింగ్ అయిపోయి పడుకుంది. పొద్దున్న లేచి, విండోస్ అంటే ఏమిటో తెలీదన్నట్టు మొహం పెట్టింది. లోపలి సెట్టింగులు చెరిగిపోయాయట. విండోస్ రాకముందే వచ్చే బయాస్ అనే సెట్టింగుల తెరలోకి వెళ్లి సరిచేయాలట.

"వచ్చిందమ్మాయ్! నీలం తెర వచ్చింది."

"హమ్మయ్య. పై వరసలో ఏమున్నాయో చదవండి."

"ఎం, ఏ, ఐ, ఎన్..."

"అది మెయిన్. కుడి బాణం నొక్కుతూ వెళ్లండి. బి, ఓ, ఓ, టి అని వస్తే ఆగండి."

పెద్దావిడ ఎప్పుడో ఎనిమిదో తరగతిలో నేర్చుకున్న ఇంగ్లిషుతో నానా తంటాలూ పడి అక్కడికి చేరింది.

"ఆగాను."

"కింద బూట్ మోడ్ అని ఉంటుంది. దాని మీద ఎంటర్ కొట్టండి."

"కొట్టాను. ఉలుకూ లేదు, పలుకూ లేదు."

"ఆ లైను తెల్లగా ఉందా, మసగ్గా ఉందా?"

"మసగ్గా. బూడిద పూసినట్టుంది."

కోడలు పెదవి కొరుక్కుంది. "తాళం వేసి ఉంది. పాస్‌వర్డ్ ఇస్తేగానీ మార్చనివ్వదు. టైమెంత?"

"పది ముప్పై ఎనిమిది."

గోడ గడియారం కోడలికి సరిగ్గా ఎదురుగా ఉంది. అదీ అత్తగారే చెప్పాలి కాబోలు! ప్లంబరు నట్టుని అవసరానికి మించి బిగించాడు.

కోడలు ఫోన్ చేస్తే, లాప్‌టాప్ అమ్మిన కొట్టతను నాలుగోసారికి ఎత్తాడు. "కొన్నవాళ్లు సెట్టింగులు కెలికి మళ్లీ నా నెత్తికే తెస్తారని అన్నిటికీ తాళం వేస్తాను మేడమ్. ఒక్కోదానికి ఒక్కో పాస్‌వర్డ్. నాకేం గుర్తుంటుంది? అడుగున తెల్ల స్టిక్కర్ మీద రాసి అంటిస్తాను, చూసుకోండి."

"అత్తయ్యా, అడుగున స్టిక్కర్!"

పెద్దావిడ లాప్‌టాప్ ఎత్తలేదు. చేతులు ఒళ్లో పెట్టుకుంది.

"అది... నేను పీకేశానే."

ఆవిడకదో జబ్బు. ఇంటికి ఏ వస్తువు వచ్చినా, దాని స్టిక్కర్ గోరుతో గీకి తీస్తేగానీ అన్నం సహించదు.

"పారేశారా?"

"పారేస్తానా! ఎప్పటికైనా పనికొస్తుందని ఎక్కడో అంటించాను. ఎక్కడబ్బా..."

కోడలు లేచి నిలబడింది. మళ్లీ కూర్చుంది. "ఆరు నెలలు అత్తయ్యా," అంది. పెద్దావిడ కళ్లనీళ్లు పెట్టుకుంది.

ప్లంబరు ఇక ఉండబట్టలేకపోయాడు. "పెద్దావిడని ఏడిపించే బదులు మీరే లేచి వెతుక్కోవచ్చు కదమ్మా?"

"మీ పైపు సంగతి మీరు చూసుకోండి," అంది కోడలు, ఇటు తిరక్కుండానే.

"నువ్వూరుకో నాయనా," అంది అత్తగారు కూడా.

మంచికి పోతే చెడు ఎదురైంది. అతను పళ్లు నూరుకుంటూ సింకు కింద దూరి టార్చి వేశాడు. ఇందాకట్నుంచీ మోచేతికి తగులుతున్న అలమర తలుపు లోపలివైపు కుక్కర్‌ది, మిక్సీది, గొడుగుది, బల్బులవి స్టిక్కర్లు బారులు తీరి ఉన్నాయి. మధ్యలో ఒక తెల్లది. దాని మీద పెన్నుతో రాసి ఉంది.

చెప్పకపోతే ఆ కోడలి రోగం కుదురుతుంది అనుకున్నాడు. కానీ పెద్దావిడ ముక్కు చీదడం వినిపించింది.

"కె, టి, ఏడు, సున్నా, తొమ్మిది, ఆర్!" అని అరిచాడు.

"అక్షరాలు పెద్దవా, చిన్నవా?" కోడలు కూడా అరిచింది.

"పెద్దవి!"

లాప్‌టాప్ ఆపి మళ్లీ వేశారు. మళ్లీ ఎఫ్ టూ. పెద్దావిడ మొదటిసారి సున్నాకి బదులు ఓ కొట్టింది. "మూడు తప్పులైతే మళ్లీ మొదటికొస్తుంది. నెమ్మదిగా అత్తయ్యా," అంది కోడలు. నెమ్మదిగా అంటూనే కాలితో నేలని టకటకా తడుతోంది.

"తెల్లబడిందమ్మాయ్! లైను తెల్లబడింది!"

"యు, ఈ, ఎఫ్, ఐ అని ఎంచుకోండి. ఎంటర్. ఇక ఎఫ్ టెన్. మళ్లీ ఎంటర్."

తెర నల్లబడింది. విండోస్ వచ్చేసరికి పదకొండుకి ఏడు నిమిషాలున్నాయి.

పెద్దావిడ లాప్‌టాప్ తెచ్చి కోడలి ఒళ్లో పెట్టింది. కోడలు ఇయర్‌ఫోన్ చెవిలో పెట్టుకుంది. వేళ్లు మీటల మీద చకచకా పరిగెత్తాయి. ఇందాకటి బద్ధకమంతా ఎటుపోయిందో!

ప్లంబరు చేతులు తుడుచుకుంటూ వంటింటి గుమ్మంలోకి వచ్చాడు.

"చాకిరీ అంతా మీచేత చేయించి ఇప్పుడు హుషారు చూడండి పెద్దమ్మా! ఇంత పనితనం ఉన్నావిడ, అదేదో మొదట్నుంచీ తనే చేసుకోవచ్చుగా?"

పెద్దావిడ నోటి మీద వేలేసుకుని, అతన్ని పక్కకి పిలిచి, గొంతు తగ్గించింది.

"విండోస్ వచ్చాక తెర మీదున్నదంతా లాప్‌టాపే చదివి వినిపిస్తుంది నాయనా, ఆ నీలం తెరకి నోరు లేదు, మా కోడలికి చూపు లేదు."