ఎదురొచ్చే మనిషి

“అమ్మ పేరు శాంతాదేవి. నాన్న పోయినాడు,” అని పైకి చదువుతూ దర్శిని కాలేజీ స్కాలర్‌షిప్ ఫారం నింపింది.

“మరి నేనో?” అన్నాను.

“నీకు గడి లేదు పిన్నీ.”

నాకు ఒళ్లు మండింది. దాని తండ్రి పోయిన మరుసటేడు నుంచి శాంతాదీ నాదీ ఒకే కాపురం, ఒకే మంచం. బయటివాళ్లకు మాత్రం అక్కచెల్లెళ్లం. ఈ మలేసియాలో, క్లాంగ్ ఊరి ట్రాఫిక్‌లో దాన్ని రోజూ బడికి మోసింది నా మోటారుసైకిలే.

“రాణివిలే శాంతా! పేరూ నీదే, పిల్లా నీదే,” అన్నాను.

శాంతా గిన్నెలు కడగడానికి వంటింట్లోకి పోయింది.

దర్శిని ఫారం ఇవ్వడానికి బయల్దేరి గుమ్మంలో ఆగింది. “పిన్నీ, ఎదురు రా! నువ్వొస్తేనే పనవుతాది.”

నేను చెప్పులేసుకుంటుంటే వంటింట్లోంచి శాంతా గొంతు వినిపించింది.

“పో. పరీక్షలకీ నువ్వే, ఇప్పుడూ నువ్వే. మొగుడు పోయినదాన్నని నన్నొక్కనాడైనా అది ఎదురు రమ్మన్నాదా? ఆ గడి నువ్వే తీసుకో. ఈ ఎదురు నాకిచ్చీ.”

చెప్పులు వదిలేసి లోపలికెళ్లాను. శాంతా చెయ్యి పట్టి లాక్కొచ్చి గేటు బయట నిలబెట్టాను.

ఆమె తడి చేతులు చీరకు తుడుచుకుంటూ ఎదురొచ్చింది. దర్శిని “అమ్మా” అంటూ వాటేసుకుంది.

నాకు మళ్లీ కుళ్లు పుట్టింది.